పాపసంకీర్తన రహస్యం ఎక్కడిదాకా?

అందరికీ నమస్కారం. ఇవాళ క్యాథలిక్కులతో పాటు లా చదువుతున్న పిల్లలు, వేరే మతాల మిత్రులు కూడా వచ్చారు కాబట్టి ముందు విషయం కాస్త వివరంగా చెప్తాను. పాపసంకీర్తనం అంటే, మనం మామూలుగా కన్ఫెషన్ అంటాం, చేసిన పాపాన్ని గురువు ముందు, అంటే చర్చి ఫాదర్ ముందు, ఒప్పుకుని దేవుడి క్షమాపణ పొందే సంస్కారం. అక్కడ విన్నది ఫాదర్ మాటతో గానీ ఇంకే విధంగా గానీ, ఏ కారణం చేతనైనా సరే, బయటపెట్టకూడదని శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి, చట్టంలోని 983వ నిబంధన చెప్తుంది. అంతే కాదు, బయటికి చెప్పకపోయినా, విన్నదాన్ని మనసులో పెట్టుకుని ఆ మనిషికి నష్టం చెయ్యకూడదు. ఉదాహరణకి స్కూల్లో పనిచేసే ఒకాయన దొంగతనం చేశానని కన్ఫెషన్లో ఒప్పుకుంటే, ఆ మాట పట్టుకుని మేనేజరుగా ఉన్న ఫాదర్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి వీల్లేదు. రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణానే శ్రీసభకి వెలి అవుతాడు, ఆ వెలి ఎత్తెయ్యడం రోము చేతిలోనే ఉంటుంది. 1215లో జరిగిన లాతరన్ మహాసభ అయితే, అలాంటి గురువుని పదవి నుంచి తీసేసి జీవితాంతం కఠినమైన మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని రాసింది.

ఈ రహస్యాన్ని నేను పూర్తిగా నమ్ముతాను, సమర్థిస్తాను. కానీ దీని పేరు చెప్పి దీనికి సంబంధం లేని ఎన్నో విషయాలు దాచేస్తున్నారు. నా బాధ అదే, ఇవాళ నేను మాట్లాడాలనుకున్నదీ దాని గురించే.

కోర్టులు దీన్ని ఎలా చూశాయో చెప్పాలంటే 1813 నాటి న్యూయార్క్ కేసుతో మొదలుపెట్టాలి. ఒకాయన వస్తువులు దొంగతనంలో పోయాయి. కొన్నాళ్లకి అవి ఆంథనీ కోల్‌మన్ అనే జెస్యూట్ మఠసభ గురువు ద్వారా తిరిగి వచ్చాయి. ఎవరిచ్చారో చెప్పమని కోర్టు పిలిచింది. నాకు తెలిసింది కన్ఫెషన్లో, జైల్లో పెట్టినా చెప్పను అన్నాడాయన. ఆ కాలంలో న్యూయార్క్‌లో క్యాథలిక్కులు చాలా తక్కువ, వాళ్లంటే అనుమానంగా చూసేవాళ్లు. అయినా విలియం శాంప్సన్ అనే లాయరు, ఐర్లాండ్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు, ముందుకొచ్చి ఆ గురువు తరఫున వాదించాడు. నగర మేయరు డివిట్ క్లింటన్ అధ్యక్షతన ఉన్న కోర్టు గురువుని బలవంతపెట్టకూడదని తీర్పిచ్చింది. 1828లో న్యూయార్క్ దాన్ని చట్టంగానే రాసుకుంది. ఈ కేసులో నాకు ముఖ్యంగా అనిపించేది ఇంకొకటుంది. ఆ గురువు దొంగ సొత్తు వెనక్కి ఇప్పించాడు! పేరు చెప్పకుండానే నష్టపోయిన మనిషికి న్యాయం జరిగేలా చూశాడు.

మన దేశానికి వద్దాం. చాలామంది క్యాథలిక్కులు, కొందరు గురువులు కూడా, కన్ఫెషన్ రహస్యానికి ఇండియాలో చట్టం రక్షణ ఉందనుకుంటారు. లేదు. 1872 నాటి సాక్ష్య చట్టం భార్యాభర్తల మధ్య మాటలకి, లాయరుకీ క్లయింటుకీ మధ్య జరిగిన సంభాషణకి రక్షణ ఇచ్చింది గానీ గురువుకి ఇవ్వలేదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఇవ్వలేదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తుంది నిజమే, కానీ శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టే ఇస్తుంది. దానికి తోడు 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలని దాని 19వ సెక్షను అంటుంది. ఆ ‘ఎవరైనా’లో డాక్టరు, టీచరు, పక్కింటివాళ్లతో పాటు గురువు కూడా ఉన్నాడు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. స్కూళ్లు, హాస్టళ్లు నడిపే మన మేత్రాసనాలు (ఒక్కో బిషప్ కింద ఉండే చర్చిల పరిధులు), మఠాలు ఈ ఏడాది శిక్ష సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి.

మరి ఇలాంటి చట్టం కన్ఫెషన్ లోపలికి కూడా వెళ్లాలా? ఆస్ట్రేలియాలో వెళ్లాలనే అన్నారు. సంస్థల్లో పిల్లల మీద జరిగిన లైంగిక నేరాల గురించి ఐదేళ్లు విచారించిన రాయల్ కమిషన్ 2017 డిసెంబరులో, కన్ఫెషన్‌కి మినహాయింపు వద్దని సిఫారసు చేసింది. విక్టోరియా, క్వీన్స్‌లాండ్ లాంటి రాష్ట్రాలు అలాగే చట్టాలు తెచ్చాయి. వాళ్లని మత ద్వేషులనేస్తే సరిపోదు. నేరం చేసినవాళ్లు కన్ఫెషన్‌కి వచ్చి క్షమాపణ తీసుకుని, మళ్లీ అదే నేరం చేసి, మళ్లీ వచ్చారని ఆ కమిషన్ ముందు సాక్ష్యం వచ్చింది. అది చదివాక ఏ క్యాథలిక్కుకైనా నిద్ర పట్టకూడదు.

అయినా కన్ఫెషన్ రహస్యాన్ని చట్టంతో బద్దలు కొట్టడం తప్పనే నేనంటాను. పోలీసులకి చెప్తారని తెలిస్తే నేరం చేసినవాడు అసలు రాడు. వచ్చినా జాలీ తెర వెనక ఉన్నది ఎవరో ఫాదర్‌కి తెలియకపోవచ్చు. రాకపోతే, నువ్వు చేసింది ఘోరం, ఆ బిడ్డ దగ్గరికి ఇక వెళ్లకు, నీ అంతట నువ్వే లొంగిపో అని చెప్పే ఒక్క మనిషీ ఉండడు. ఇక్కడ గురువుల బాధ్యత చాలా ఉంది. పోలీసులకి లొంగిపోతేనే క్షమిస్తానని షరతు పెట్టకూడదని 2019లో వాటికన్ స్పష్టంగా చెప్పింది. కానీ నిజమైన పశ్చాత్తాపం, మళ్లీ చెయ్యనన్న గట్టి నిర్ణయం కనబడకపోతే పాపవిమోచనం ఆపే అధికారం ఫాదర్‌కి ఉంది. అలాంటి మనిషికి మూడు ప్రార్థనలు ప్రాయశ్చిత్తంగా ఇచ్చి పంపేస్తే అది కరుణ కాదు, ఆ బిడ్డకి చేసిన ద్రోహం.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2025లో జరిగింది చూడండి. పిల్లల మీద నేరాల గురించి తెలిస్తే గురువులు రిపోర్టు చెయ్యాలని, కన్ఫెషన్‌కి మినహాయింపు లేకుండా చట్టం చేశారు. సంతకం పెట్టిన గవర్నరు కూడా క్యాథలిక్కే. బిషప్పులు ఫెడరల్ కోర్టుకి వెళ్తే జులైలో కోర్టు ఆ భాగాన్ని ఆపింది. తర్వాత ప్రభుత్వం రాజీకొచ్చింది: గురువులు మిగతా అన్ని విషయాల్లో రిపోర్టు చెయ్యాల్సిందే, కన్ఫెషన్లో మాత్రమే తెలిసినదాని గురించి ఒత్తిడి చెయ్యరు. గీత అక్కడ గీయాలి. మన దగ్గర కూడా ఎప్పుడైనా మినహాయింపు రాస్తే ఇంత ఇరుకుగానే రాయాలి. మన తెలుగు గురువులు ఎంతోమంది అమెరికాలో సేవ చేస్తున్నారు, వాళ్లు తామున్న రాష్ట్రం చట్టం ఏమంటుందో తెలుసుకుని ఉండాలి.

ఇప్పుడు ఆ గీతకి బయట ఉన్నవేంటో చెప్తాను. కారులో వెళ్తూ ఫాదర్‌తో చెప్పుకున్న గోడు కన్ఫెషన్ కాదు. ఆఫీసు గదిలో కౌన్సెలింగ్ కాదు. వాట్సాప్ మెసేజీ కాదు. ఒక తల్లి బిషప్ గారికి రాసిన ఫిర్యాదు కాదు, ఆయన బీరువాలో ఉన్న ఫైలు కాదు, ఒక గురువుని హడావుడిగా ఇంకో చర్చికి ఎందుకు బదిలీ చేశారన్నది కాదు. వీటి గురించి అడిగినప్పుడు ‘అది రహస్యమండీ’ అనే హక్కు ఎవరికీ లేదు. ఫ్రాన్సులో చర్చిలో జరిగిన లైంగిక నేరాల మీద 2021లో వచ్చిన సోవే కమిషన్ నివేదిక, 1950 నుంచి గురువులు, మఠవాసుల చేతిలో బాధపడ్డ పిల్లలు 2,16,000 మంది ఉంటారని అంచనా వేసింది. ఇంత పెద్ద గాయం ఒక్క కన్ఫెషన్ గదిలో దాగదు. ఆఫీసుల్లో, బదిలీ ఉత్తర్వుల్లో, పరువు పోతుందన్న భయంలో దాగింది.

ఇంకో విషయం. ఇది ఊళ్లలో మన అక్కాచెల్లెళ్లకి ఎవరూ చెప్పరు. రహస్యం కట్టిపడేసేది గురువుని, పాపం ఒప్పుకోవడానికి వచ్చినవాళ్లని కాదు. కన్ఫెషన్లో ఫాదర్ అసభ్యంగా మాట్లాడినా, తప్పుడు కోరిక కోరినా మీరు ఇంట్లో చెప్పొచ్చు, బిషప్పుకి చెప్పొచ్చు, పోలీసులకీ చెప్పొచ్చు. అలా అడగడం శ్రీసభ చట్టంలో కూడా పెద్ద నేరం. 2018లో కేరళలో ఆర్థడాక్స్ సభ గురువుల మీద, కన్ఫెషన్లో చెప్పినదాన్ని పట్టుకుని ఒక స్త్రీని బెదిరించి వాడుకున్నారని ఆరోపణ వచ్చినప్పుడు, జాతీయ మహిళా కమిషన్ కన్ఫెషన్నే రద్దు చెయ్యమంది. ఆ కోపం నాకర్థమైంది, కానీ ఆ మందు సరైంది కాదు. ఆ ఆరోపణ రహస్యాన్ని తుంగలో తొక్కారని, పాటించారని కాదు.

చివరిగా, ఒక బిడ్డ తన మీద జరిగిన అఘాయిత్యం గురించి కన్ఫెషన్లో చెప్తే ఫాదర్ ఏం చెయ్యాలి? ముందు, ఇందులో నీ పాపం ఏమీ లేదమ్మా అని చెప్పాలి. నీకు హక్కులున్నాయి, చట్టం ఉంది అని చెప్పాలి, ఇది వాటికన్ 2019 పత్రంలోనే ఉంది. తర్వాత, ఇష్టమైతే బయటికొచ్చి అమ్మ ముందో సిస్టర్ ముందో ఇదే మాట నాతో మళ్లీ చెప్తావా అని అడగొచ్చు. ఆ బిడ్డ బయట చెప్పిందంటే ఇక అది రహస్యం కిందికి రాదు, అదే రోజు పోలీసులకో, 1098 చైల్డ్‌లైన్‌కో ఫోన్ చెయ్యాలి. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని ఆ 19వ సెక్షనులోనే రాసుంది.