ఏ ఊళ్ళో నేశారో అడగండి

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఈ నడక నడిపించిన హిస్టరీ మేడమ్ గారికి, పొద్దున్నించీ ఎండలో తిరిగొచ్చి ఇంకా ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు కృతజ్ఞతలు. విజయవాడ వస్త్ర వారసత్వం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు.

వన్‌టౌన్ సందులు తిరిగారు, వస్త్రలతలో హోల్‌సేల్ కొట్లు చూశారు, బీసెంట్ రోడ్డులో బేరాలు విన్నారు. చాలా సంతోషం. 1921లో ఇదే బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై, దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది కూడా అప్పుడే. నూలు గురించి మాట్లాడే హక్కు ఈ ఊరికి ఉంది. కానీ మీరు రాసిన చార్టులు ఇందాక చూశాను. కొట్ల పేర్లున్నాయి, ధరలున్నాయి, డిస్కౌంట్లు కూడా ఉన్నాయి. నేసినవాళ్ళ ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. మీ తప్పు కాదు, కొట్లో ఎవరూ చెప్పరు. నేను చెబుతాను.

మాది మంగళగిరి. నాన్నది గుంట మగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది. బడికి వెళ్ళేముందు నేనూ చెల్లీ కండెలకు నూలు చుట్టేవాళ్ళం. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి, గంజి పట్టించి, బ్రష్షులతో దువ్వేవారు. ఇరుగుపొరుగంతా చెయ్యి వేసేవారు. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మా చీర ఒళ్ళంతా సాదా, అందమంతా అంచులోనే. నిజాం అంచంటే వరసగా చిన్న చిన్న గోపురాలు. సాదా నేతలో తప్పు దాచుకోడానికి చోటుండదు.

ఒకసారి నాన్నతో ఈ ఊళ్ళోనే ఒక పెద్ద కొట్టుకి వచ్చాను. యజమాని చీర విప్పి, బొటనవేలు అంచు వెంబడి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపారు. తెగిన పోగు ముడివేసిన చోటు అది. చేత్తో నేసిన గుడ్డలో ముడి ఉంటుంది. ఆ ముడి చూపించి మజూరీలో కోత పెట్టారు. నాన్న ఏదో అనబోయి ఊరుకున్నారు. తర్వాతి పడుగుకి నూలు ఆ యజమానే ఇవ్వాలి మరి. ఖాళీ సంచి పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. నేను ఎకనామిక్స్ చదివింది ఆ కోత లెక్క తెలుసుకోడానికే. ముడికి ఎంత? నేతకి ఎంత? కొట్టుకి ఎంత? ఇవాళ్టికీ అదే అడుగుతున్నాను.

ఇప్పుడు కోత ఇంకో రకంగా వచ్చింది. అంచున్న నూలు చీరల వంటి కొన్ని రకాలు చేనేతకే ఉండాలని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. అయినా కరెంటుతో నడిచే మరమగ్గం గుడ్డ మంగళగిరి పేరుతో, స్క్రీన్ ప్రింటు పెడన కలంకారీ పేరుతో అమ్ముడవుతున్నాయి. పెడనలో గుడ్డకి కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి నల్లరంగు తీసి, చెక్క అచ్చుతో అద్దుతారు. అచ్చు పక్కన అచ్చు పడేచోట వెంట్రుకవాసి తేడా వస్తుంది. మనిషి చెయ్యి పడిందనడానికి అదే గుర్తు. దాన్నే లోపం అంటారు కొందరు! నాకు కోపం వస్తుంది.

మీరు ఇవాళ కొన్నవి సంచుల్లోంచి తీయండి. వెనక వరసలో అమ్మాయీ, ఆ చున్నీ అంచు వెలుతురుకి పెట్టి చూడమ్మా. రెండు పక్కల అంచుల్లోనూ సన్నటి బెజ్జాలున్నాయా? మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా సాగదీసి పట్టే కర్రకుండే ముళ్ళ గుర్తులవి. అవొక్కటే చూసి నమ్మకండి, చేనేత ముద్ర, అదే హ్యాండ్‌లూమ్ మార్క్, కూడా వెతకండి. అన్నిటికంటే ముందు నోరు తెరిచి అడగండి. ఏ ఊళ్ళో నేశారు? మజూరీ ఎంతిచ్చారు? నలభైమంది పిల్లలు రోజూ అడిగితే కొట్టువాళ్ళు జవాబు తెలుసుకునే కూర్చుంటారు.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క మనవి. వచ్చే నడక మంగళగిరిలో మొదలుపెట్టించండి. బస్సెక్కితే గంట కూడా పట్టదు. మా పెదనాన్న కొడుకు ఇంట్లో మగ్గం ఆడుతోంది. పిల్లలు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, ఒకసారి అడ్డపోగు తీసుకెళ్ళే నాడె విసరాలి. మగ్గం గదిలో ఐదారుగురికి మించి పట్టరు కాబట్టి జట్లుగా రావాలి. వచ్చేవాళ్ళు పేర్లు ఇప్పుడే మేడమ్ గారికి ఇవ్వండి, నేను ఇక్కడే ఉంటాను.