పన్నీర్ బదులు చికెన్ వచ్చినప్పుడు: కంపెనీ పేరు కాపాడడంలో ఏఐ పని

అందరికీ నమస్కారం.

ముందు ఒక రివ్యూ వినండి. "సూపర్ సర్వీస్ అండీ! పన్నీర్ బిర్యానీ ఆర్డర్ పెడితే చికెన్ పంపారు. కార్తీక సోమవారం నాడు మా అమ్మమ్మకి బోలెడు పుణ్యం కట్టబెట్టారు." ఇది ఉదాహరణకి కట్టిందే. మాటల్ని లెక్కపెట్టే చవక టూల్ అయితే 'సూపర్', 'పుణ్యం' పట్టుకుని దీన్ని మెచ్చుకోలు ఖాతాలో వేసేస్తుంది. నిజానికి ఆ రోజు వచ్చినవాటిలో అన్నిటికంటే ముందు మనిషి కంటపడాల్సిన ఫిర్యాదు ఇది. ఏఐని మీరు పెట్టుకునేది ఇలాంటిది పది నిమిషాల్లో సరైన మనిషి ముందుకు రావడానికి. మిగతాదంతా దాని తర్వాతే.

మొదటి పని సేకరణ. గూగుల్ మ్యాప్స్, ప్లే స్టోర్, అమెజాన్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ కామెంట్లు, మీ కస్టమర్ కేర్ కాల్స్, అన్నీ ఒకచోటికి రావాలి. చాలామంది కాల్స్ వదిలేస్తారు. నెట్‌లో గొడవ అయ్యేవాటిలో చాలా భాగం అంతకుముందే ఫోన్లో చెప్పి విసిగిపోయినవే. ఇక మన దగ్గర పేర్లతో ఒక చిక్కుంది. మీ షాపు పేరు 'బాలాజీ' అనుకోండి, తిరుమల దర్శనం పోస్టులన్నీ వచ్చి పడతాయి. 'దర్శనం', 'క్యూలైన్', 'లడ్డూ' ఉన్న పోస్టుల్ని పక్కకు తీసే నియమం మొదటి రోజే రాసుకోండి. మీరు అమ్మేదే లడ్డూ అయితే మాత్రం ఆ మాటను జాబితాలోంచి తీసేయండి!

రెండోది అర్థం చేసుకోవడం. ఎక్కువ కష్టం ఇక్కడే. మనవాళ్లు చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. 'బాగుంది' అనడానికి ఒకరు 'ఏ' ఒకసారి కొడితే ఇంకొకరు రెండుసార్లు కొడతారు. 'బావుంది' అనే అలవాటున్నవాళ్లు 'జి' బదులు 'వి' పెడతారు. తొందరలో ఉన్నవాళ్లు అచ్చులే ఎగరగొడతారు. అందుకే కంపెనీ చూపించే ఇంగ్లీషు డెమో చూసి టూల్ కొనకండి. మీ సొంత రివ్యూలు, కామెంట్లు వెయ్యి తీయండి. ఇద్దరు మనుషులు విడివిడిగా వాటికి గుర్తులు పెట్టాలి: డెలివరీ, నాణ్యత, డబ్బు వాపసు, సిబ్బంది ప్రవర్తన, ఆరోగ్యం, మతం లేదా ఆచారం. తీవ్రత ఎంతో కూడా వేయాలి. ఇద్దరికీ కుదరని చోట మీ నిర్వచనమే సరిగ్గా లేదని అర్థం, ముందు దాన్ని సరిచేయండి. అందులో 300 పక్కన దాచి, వాటి మీదే టూల్‌ని పరీక్షించండి.

పరీక్షలో 97 శాతం కరెక్ట్ అని చూపిస్తే పొంగిపోకండి. వంద రివ్యూల్లో తీవ్రమైనవి మూడే ఉంటే, 'తీవ్రమైనది ఒక్కటీ లేదు' అని కళ్లు మూసుకుని చెప్పే టూల్‌కి కూడా 97 వస్తాయి. ఆ మూడింట్లో ఎన్ని పట్టుకుంది అన్నదే అడగండి. ఒకటి జారిపోయే కంటే, పది అనవసరంగా మనిషి దగ్గరకు రావడం నయం.

ఫిర్యాదులు ఉన్నట్టుండి పెరిగితే మోగే అలర్ట్‌ల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆదివారం రాత్రి ఎనిమిదింటి ఫిర్యాదుల లెక్కను గత నాలుగు ఆదివారాల ఎనిమిదింటి లెక్కతోనే పోల్చాలి. గంటకు రెండు ఫిర్యాదులు నాలుగైతే అది రెట్టింపే కానీ ప్రమాదం కాదు. కనీసం పది వేర్వేరు అకౌంట్ల నుంచి వస్తేనే మోగేలా పెట్టుకుని, తర్వాత మీ సైజుకి తగ్గట్టు మార్చుకోండి. ప్రాణానికి, ఆచారానికి సంబంధించింది అయితే ఒక్కటి చాలు, మోగాలి.

జవాబుల విషయంలో గట్టిగానే చెప్తాను: చిత్తుప్రతి ఏఐ రాయొచ్చు, తీవ్రమైనవాటికి 'పంపు' నొక్కేది మనిషే కావాలి. ఎయిర్ కెనడా అనే విమాన సంస్థ వెబ్‌సైట్లో ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి, ఇంట్లో మనిషి పోయినప్పుడు ఇచ్చే ఛార్జీ తగ్గింపుకి టికెట్ కొన్నాక కూడా 90 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. కంపెనీ నియమం అది కాదు. చాట్‌బాట్ మాటకు తాము బాధ్యులం కామన్న వాదనను 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ కొట్టేసింది. కట్టమన్నది సుమారు 812 కెనడా డాలర్లే, కానీ వార్త ప్రపంచమంతా తిరిగింది. అందుకే డబ్బు వాపసు, గడువు, నష్టపరిహారం అనే మాటలు మీ లిఖిత నియమాల నుంచి మాత్రమే రావాలి, ఏఐ ఊహలోంచి కాదు. కస్టమర్ ఫోన్ నంబర్, అడ్రస్ తీసేశాకే ఆ ఫిర్యాదుని బయటి కంపెనీ ఏఐకి పంపండి. 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ముప్పై మందికి ఒకే వాక్యం పెడితే, వరసగా చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఏం జరిగింది, ఏం చేశాం, ఎప్పటికల్లా చేస్తాం అన్న మూడూ జవాబులో ఉండాలి.

ఏఐతో దొంగ రివ్యూలు రాయించొద్దు. మన దగ్గర ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అమెరికాలో 2024 అక్టోబర్ నుంచి దొంగ రివ్యూలపై నిషేధం అమల్లో ఉంది, ఏఐ రాసినవీ అందులోకే వస్తాయి. అక్కడికి పచ్చళ్లు, చీరలు పంపే మన వ్యాపారులు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

చివరగా వారం నివేదిక. ఏ ఫిర్యాదు ఏ కారణంతో ఎన్నిసార్లు వచ్చిందో ఏఐ గుదిగుచ్చి ఇస్తుంది. దాన్ని సోమవారం పొద్దున మార్కెటింగ్ వాళ్లకంటే ముందు ప్యాకింగ్ సూపర్‌వైజర్ చేతిలో పెట్టండి. పన్నీర్ డబ్బాకీ చికెన్ డబ్బాకీ ఒకే రంగు మూత వేస్తున్నారా అన్నది చూసి చెప్పగలిగేది ఆయనే.