జింకల వేటకు ఏ రైఫిల్? సగం సేపు పుర్రచేతి గొడవే

కిరణ్: ఎర్ర దీపం వెలిగింది బావా, ఇక గొంతు సవరించుకోవడం ఆపండి.

శేఖర్: నమస్కారం. ఇక్కడ పెన్సిల్వేనియాలో ఆకులన్నీ రాలిపోయాయి. ఈ వారం పాడ్‌కాస్టులో అందరూ అడుగుతున్నదే మాట్లాడుకుందాం. జింకల వేటకు మొదటిసారి బోల్టు రైఫిల్, అంటే ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగి ఎక్కించేది, కొనేవాళ్లు ఏది కొనాలి, ఏ కాలిబర్, అంటే ఏ కొలత తూటాది, తీసుకోవాలి. పోయినసారిలా దారి తప్పవద్దని మీ అక్క మరీ మరీ చెప్పి పంపింది.

కిరణ్: పోయినసారి దారి తప్పించింది పచ్చడి సీసా. నేను కాదు.

శేఖర్: ఆ సీసా ఊసు ఎత్తకు. ఉత్తరం చదువు.

కిరణ్: ఒక శ్రోత రాశారు. హెచ్-1బీ మీద వచ్చి మూడేళ్లయిందట. ఆఫీసులో స్నేహితుడు వేటకు పిలుస్తున్నాడు. ".308 కొననా, 6.5 క్రీడ్‌మోర్ కొననా, థర్టీ-ఆట్-సిక్స్ కొననా? స్కోపుతో కలిపి 700 డాలర్లు దాటకూడదు." మూడూ తూటాల రకాలు, స్కోపు అంటే గురి చూసే దుర్బీను. మిగతాదంతా మనమీద పొగడ్తలే, వదిలేస్తున్నాను.

శేఖర్: పొగడ్తలు వదిలేయడం ఎందుకు? సరే. బాబూ, కాలిబర్ కంటే ముందు వీసా సంగతి. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. దానికి ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఫరవాలేదు. అంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్, అదే వేట నేర్పే తరగతి, తర్వాత లైసెన్సు, తుపాకీ ఆ తర్వాతే. "నాది కాదు, స్నేహితుడి తుపాకీ" అంటే కుదరదు. చేతిలో ఉంటే ఉన్నట్టే. కొనేముందు లాయరుతో ఒక మాట మాట్లాడు. పాడ్‌కాస్టు విని కొన్నానని ఏ అధికారి ముందూ చెప్పకు.

కిరణ్: గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ తంటా లేదు. ఇక బోల్టు రైఫిలే ఎందుకో చెప్పండి.

శేఖర్: మా రాష్ట్రంలో జింకలకు సెమీ ఆటోమేటిక్ రైఫిల్, అంటే తర్వాతి తూటా తనే ఎక్కించుకునేది, వాడనివ్వరు, అది ఒకటి. ధర తక్కువ, గురి నమ్మకం, చెడిపోయే భాగాలు కొన్నే. అసలు మనవాళ్లకు కొత్త కూడా కాదు. ఒకప్పుడు మన పోలీసు స్టేషన్ల గోడలకు ఆనించి ఉండే త్రీ-నాట్-త్రీ బోల్టు రైఫిలే కదా. పిడి పైకెత్తు, వెనక్కి లాగు, ముందుకు తొయ్యి, కిందికి దించు.

కిరణ్: ఏ చేత్తో?

శేఖర్: మొదలుపెట్టాడు.

కిరణ్: లేదు, ఏ చేత్తో బావా? పిడి కుడివైపు ఉంటుంది. నాలాంటి పుర్రచేతివాడు ఎడమ భుజానికి ఆనించుకుంటే చెయ్యి తుపాకీ మీదుగా అటు వేసి లాగాలి. ఎన్‌సీసీలో .22 రైఫిల్ ఇచ్చి కుడి భుజానికే ఆనించమన్నారు. నాకు బలమైన కన్ను ఎడమది. పది తూటాలు కాలిస్తే పక్కవాడి లక్ష్యం మీద నాలుగు పడ్డాయి. వాడికి బహుమతి వచ్చింది!

శేఖర్: ఇది వినడం నాకు ఇరవయ్యోసారి.

కిరణ్: చిన్నప్పుడు మా నాయనమ్మ ఎడమచేత్తో అన్నం కలిపితే గరిటెతో ఒకటి వేసేది. అర్జునుణ్ణి మాత్రం సవ్యసాచి అని పొగుడుతుంది. సవ్యం అంటే ఎడమ. గాండీవానికి రెండువైపులా చెల్లింది గానీ నా అన్నం ముద్దకు చెల్లలేదు.

శేఖర్: గాండీవానికి బోల్టు లేదురా. పుర్రచేతి వాళ్లకు శావేజ్ 110 ఉంది, 1958లో వచ్చిన తుపాకీ, ఎడమవైపు బోల్టుతోనూ చేస్తున్నారు. టిక్కా కంపెనీ రైఫిళ్లలోనూ దొరుకుతుంది. అయిపోయింది. కాలిబర్‌కు రా. థర్టీ-ఆట్-సిక్స్. పుట్టిన సంవత్సరం పేరులోనే ఉంది, 1906. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన తూటా. ఏ పల్లెటూరి దుకాణానికి వెళ్లినా ఒక పెట్టె దొరుకుతుంది.

కిరణ్: మీ భుజాన్ని కూడా చూసింది. కాల్చగానే తుపాకీ వెనక్కి భుజాన్ని తన్నుతుంది కదా, ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో దాని తన్ను దాదాపు 20 ఫుట్-పౌండ్లు. 6.5 క్రీడ్‌మోర్‌ది 12 చుట్టుపక్కల. ఇంకా సన్న తూటా .243 అయితే ఇంకా తక్కువ.

శేఖర్: నీ క్రీడ్‌మోర్ 2007లో కాగితం లక్ష్యాల మీద పోటీలు కాల్చడానికి హార్నడీ అనే తూటాల కంపెనీ వాళ్లు చేసింది. జింక కాగితమా?

కిరణ్: 200 గజాలకు గురి సరిచేస్తే 300 గజాల దగ్గర రెండూ ఏడెనిమిది అంగుళాలే కిందికి దిగుతాయి. జింకకు తేడా తెలియదు. తెలిసేది కాల్చేవాడి భుజానికి. ఇక్కడి అడవుల్లో 100 గజాలకు మించి జింక కనిపించడమే అరుదు. గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిది అంగుళాల పళ్లెమంత. దానిలో పడితే చాలు.

శేఖర్: ఎముక తగిలితే?

కిరణ్: మంచి బుల్లెట్ అయితే 6.5 కూడా దాటుతుంది. స్వీడన్‌లో 1894 నాటి 6.5 తూటాతో దుప్పి కంటే పెద్ద మూస్‌లనే కొడుతున్నారు. ఆ ఊళ్లో ఎవరూ భుజం పట్టుకుని కూర్చోలేదు.

శేఖర్: ఇప్పుడు నన్నంటున్నావా?

కిరణ్: నేను ఎవరి పేరూ చెప్పలేదు.

శేఖర్: మధ్యేమార్గం .308 ఉంది కదా, 1952ది. బుల్లెట్ వెడల్పు థర్టీ-ఆట్-సిక్స్‌దే, మందు ఉండే తొడుగు పొట్టిది, తన్ను కాస్త తక్కువ. దాని మెడ బిగిస్తేనే .243 వచ్చింది. .270 అయితే థర్టీ-ఆట్-సిక్స్ కుటుంబం, 1925. పేరుకు .270, బుల్లెట్ కొలిస్తే .277. ఈ దేశంలో పేర్లు పెట్టేవాళ్లకు లెక్క రాదు.

కిరణ్: మాట మార్చకండి. మీరు థర్టీ-ఆట్-సిక్స్‌నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

శేఖర్: నేను కొన్న మొదటి తుపాకీ రా అది.

కిరణ్: అది కారణం కాదు.

శేఖర్: కాదు. (ఆగి) నిరుడు ముందటి ఏడు, సీజన్ మొదటి రోజు. ఇంతకుముందు థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం మొదలయ్యేది, బడులకు కూడా సెలవిచ్చేవారు. 2019 నుంచి శనివారానికి మార్చారు. ఆ శనివారం తెల్లవారగానే ఆడజింక వచ్చింది. 80 గజాలు ఉంటుందేమో. అడ్డంగా నిలబడింది. ఎదురుగా చెట్టు లేదు, గాలి లేదు. ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకున్నాను.

కిరణ్: మీరు నాకు ఈ మాట చెప్పలేదు.

శేఖర్: ఎవరికీ చెప్పలేదు. తన్ను వస్తుందని భుజం ముందే బెదిరింది. పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ వెళ్లాను. వాగు దగ్గర ఆగిపోయాయి. మర్నాడు మళ్లీ వెళ్లాను. దొరకలేదు. మీ అక్కతో "ఈసారి ఏమీ కనిపించలేదు" అన్నాను.

కిరణ్: అందుకేనా నిరుడు రాలేదు.

శేఖర్: ఆపరేషన్ వంక చెప్పాను. భుజానికి ఆపరేషన్ నిజమే, కానీ అది ఏప్రిల్‌లో.

కిరణ్: తన్ను లేని చిన్న .22 కొనండి బావా. వారానికి ఒక పెట్టె కాల్చండి. రైఫిల్‌లో ఉత్తుత్తి తూటా పెట్టి ఇంట్లో గోడ వైపు బోల్టు ఆడించి ట్రిగ్గర్ నొక్కండి. బెదురు అలా పోతుందంటారు.

శేఖర్: చేస్తున్నాను. మీ అక్క చూసి ఈయనకు ఏదో అయిందనుకుంటోంది.

కిరణ్: ఆమెకు ఎప్పటి నుంచో అదే అనుమానం.

శేఖర్: (నవ్వు) సరే, ఆ అబ్బాయికి సమాధానం చెప్పు. ఉత్తరం పూర్తిగా చదివి చెప్పు.

కిరణ్: "మీ పాడ్‌కాస్టు అంటే మాకు ప్రాణం..." ఇదంతా పొగడ్తే. "ఇట్లు, కొలంబస్, ఒహైయో నుంచి..." అయ్యో.

శేఖర్: ఏమిటి?

కిరణ్: ఒహైయో బావా.

శేఖర్: ఇంతసేపూ చెప్పలేదేమిరా!

కిరణ్: అడుగున ఉంది!

శేఖర్: ఒహైయోలో జింకల వేటకు సీసాలాగా మెడ సన్నబడే తూటాలు పనికిరావు. గొట్టంలా నిటారుగా ఉండేవే వాడాలి, .357 నుంచి .50 వరకు. .308, 6.5, థర్టీ-ఆట్-సిక్స్, మూడూ చెత్తబుట్టలోకి. అరగంట కొట్టుకున్నాం.

కిరణ్: అయితే .350 లెజెండ్. 2019లో వించెస్టర్ వాళ్లు తెచ్చింది. పేరుకే .350, బుల్లెట్ లెక్క .357, అందుకే చెల్లుతుంది. తన్ను మీకు కూడా సుఖమే. ఇంకా గట్టిది కావాలంటే .450 బుష్‌మాస్టర్, అది భుజాన్ని అడుగుతుంది. బాబూ, .350 కొను. 150 గజాల లోపు ఏ జింకకైనా చాలు.

శేఖర్: రూగర్ అమెరికన్ రాంచ్ బోల్టు రైఫిలే, .350లో దొరుకుతుంది, స్కోపుతో కలిపి నీ డబ్బులో సరిపోతుందేమో చూసుకో. శావేజ్ 110 కూడా చూడు. స్కోపుకు మరీ నాసిరకం కొనకు. పొట్టివాడివైతే భుజానికి ఆనే కొయ్య పొడవు చూసుకో. కొట్లో కోటు వేసుకుని ఆనించి చూడు, చలిలో వేసుకునే మందపాటి కోటు దాన్ని ఇంకా పొడవు చేస్తుంది. నారింజ రంగు చొక్కా మరిచిపోకు. ఆకుల్లో అలికిడి అయిందని కాల్చకు. చప్పుడు విని బాణం వేసి దశరథుడు చేసిన పని అదే.

కిరణ్: ఆ రూగర్ .350లో ఎడమవైపు బోల్టుతో ఉంటుందా?

శేఖర్: ఆ అబ్బాయి పుర్రచేతివాడని ఉత్తరంలో ఉందా?

కిరణ్: లేదు, నాకోసం అడుగుతున్నాను. ఒహైయోలో మా పెదనాన్న కొడుకు ఉన్నాడు కదా, అక్కడికి వెళితే...

శేఖర్: మీ అక్క పిలుస్తోంది. అన్నం చల్లారిపోతోందట.

కిరణ్: ఇంకొక్క నిమిషం అనండి. ఏ చేత్తో తినాలో కూడా అడగండి...