గోరువెచ్చటి నీళ్లలో మూడు సెంట్ల వాషింగ్టన్

నేను: అందరికీ నమస్కారం. ఇవాళ మైకు ముందు మా బాబాయి ఉన్నారు. రిటైరయ్యాక వర్జీనియాలో కొడుకు దగ్గర ఉంటున్నారు, రిచ్మండ్‌కి అరగంట దూరం. ఈసారి వస్తూ చాక్లెట్లు తేలేదు గానీ ఒక చెప్పుల డబ్బా నిండా పాత కవర్లు మోసుకొచ్చారు. బాబాయ్, ముందు ఆ చేతిలోది ఏమిటో చెప్పండి. వినేవాళ్లకి కనపడదు కదా.

బాబాయి: స్టాంపమ్మా. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. గులాబీ రంగు. మధ్యలో జార్జి వాషింగ్టన్. పై మూలల్లో రెండు వైపులా 3 అంకె, కింద ఒక మూల యు, ఇంకో మూల ఎస్. 1861 ఆగస్టులో వచ్చింది. మూడు సెంట్లు, అంటే అప్పట్లో మామూలు ఉత్తరానికి పట్టే ఖర్చు.

నేను: నూటఅరవై ఏళ్ల పైమాటే! అయితే బాగా ఖరీదు ఉండాలి.

బాబాయి: ఏం ఖరీదు! దాదాపు 178 కోట్లు అచ్చేశారు. వాడేసినది రెండు మూడు డాలర్లకి వస్తుంది. నువ్వు తాగే కాఫీ కన్నా చవక.

నేను: మరి దీనికోసం ఇంత హడావిడి ఎందుకు?

బాబాయి: అది ఎందుకు పుట్టిందో వింటే తెలుస్తుంది. 1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది, విడిపోయి వేరే దేశం పెట్టుకున్న అక్కడి దక్షిణాది రాష్ట్రాలకీ, ఉత్తరాదికీ మధ్య. విడ్డూరం ఏమిటంటే, మే నెలాఖరు దాకా దక్షిణాదికి ఉత్తరాలు పంచింది ఉత్తరాది రాజధాని వాషింగ్టన్‌లోని తపాలా శాఖే. ఇటు తుపాకులు, అటు పోస్టు సంచులు. ఈలోగా దక్షిణాది తపాలా మంత్రి జాన్ రీగన్ ఊరుకోలేదు. వాషింగ్టన్ ఆఫీసులో పనిచేసే వాళ్లనే ఉద్యోగాలిస్తామని పిలిపించుకున్నాడు. వాళ్లు వస్తూ వస్తూ అక్కడి ఫారాల నమూనాలు కూడా పట్టుకొచ్చారు. జూన్ 1న సొంత దుకాణం తెరిచాడు.

నేను: గట్టివాడే.

బాబాయి: గట్టివాడే. మరి దక్షిణాది పోస్టాఫీసుల్లో పాత స్టాంపులు బోలెడు మిగిలాయి కదా? స్టాంపంటే డబ్బే. వాటిని ఉత్తరాదికి చేరవేసి అమ్ముకుంటే ఆ సొమ్ము యుద్ధానికి పోతుంది. అందుకని ఉత్తరాది పోస్ట్‌మాస్టర్ జనరల్ మాంట్‌గోమరీ బ్లెయిర్ ఏకంగా పాత స్టాంపులన్నిటినీ రద్దు చేశాడు.

నేను: నోట్ల రద్దులాగా!

బాబాయి: అచ్చం అలాగే, మార్చుకోవడానికి గడువుతో సహా. ఊళ్లో ప్రకటన పడ్డాక ఓ ఆరు రోజులు. ఆ తర్వాత పాత స్టాంపు అంటించి డబ్బాలో వేస్తే, ఫిలడెల్ఫియాలో ‘పాత స్టాంపులు చెల్లవు’ అని కవరు మీదే ముద్ర కొట్టేవాళ్లు. ఆ ముద్ర ఉన్న కవరు కనబడితే ఇప్పుడు స్టాంపులు పోగుచేసే మావాళ్లు లేచి నిలబడతారు. పాత మూడు సెంట్ల దాని మీద అంకె లేదు, అక్షరాల్లోనే ఉండేది. కొత్తదాని మీద అంకె వేశారు. చూడగానే తేడా తెలియాలిగా.

నేను: మీరు రంగు గురించి కూడా ఏదో అన్నారు నిన్న.

బాబాయి: అదో గోల. మొదట్లో అచ్చయిన వాటిలో కొన్ని పింక్, అంటే ఈ గులాబీ కన్నా వేరే ఛాయ. మామూలు గులాబీది రెండు డాలర్లయితే పింక్ వందల్లో. ‘పావురం నెత్తురు’ అని ఒక రకం పింక్ ఉంది, అది వేలల్లో. ఇంక చూస్కో, ప్రతివాడూ తన దగ్గరున్నది పావురం నెత్తురే అంటాడు. ఎండకి వెలిసినా, గాలికి నల్లబడినా రంగు మారుతుంది. న్యూయార్క్‌లో ఫిలటెలిక్ ఫౌండేషన్ అని స్టాంపుల్ని పరీక్షించి చెప్పే సంస్థ ఉంది, వాళ్ల సర్టిఫికెట్ లేకుండా పింక్ కొనకూడదు. నన్నడిగితే అసలు ఆ జోలికే పోకూడదు.

నేను: స్టాంపుల్ని డబ్బుగా వాడారని చదివాను. నిజమేనా?

బాబాయి: 1862లో. యుద్ధభయంతో జనం వెండి, బంగారం నాణేలు దాచేసుకున్నారు. కొట్లో చిల్లర లేదు. ఇక్కడ చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెడతారే, అక్కడ స్టాంపులు పెట్టారు. జేబులో చెమటకి అన్నీ ముద్దగా అతుక్కుపోయేవి. జాన్ గాల్ట్ అనే ఆయన ఒక ఉపాయం చేశాడు. స్టాంపుని గుండ్రటి ఇత్తడి బిళ్లలో పెట్టి, పైన పారదర్శకంగా అభ్రకం మూత బిగించాడు. వెనక వైపు వ్యాపార ప్రకటన. ‘ఆయర్స్ మాత్రలు వేసుకోండి’ అని ఉన్నవి నేను చూశాను.

నేను: డబ్బులోనూ యాడ్సే! మరి దక్షిణాది వాళ్ల స్టాంపులు?

బాబాయి: వాళ్లకి అక్టోబరు దాకా స్టాంపులే లేవు. కొన్ని ఊళ్లలో పోస్ట్‌మాస్టర్లు సొంతంగా అచ్చేసుకున్నారు, న్యూ ఓర్లీన్స్, మెంఫిస్, నాష్‌విల్, ఇలా. తర్వాత వాళ్ల రాజధాని రిచ్మండ్‌లో ఐదు సెంట్ల ఆకుపచ్చది, వాళ్ల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ బొమ్మతో. ఆ తర్వాత కొన్ని లండన్‌లో డి లా ర్యూ కంపెనీ చేత అచ్చేయించారు. ఆ కంపెనీ పేరు విన్నావా? 1855 నుంచి మన దేశానికి విక్టోరియా రాణి స్టాంపులు అచ్చేసింది వాళ్లే.

నేను: అబ్బో!

బాబాయి: ఇంకోటి. వాషింగ్టన్ బొమ్మ దక్షిణాది వాళ్లూ వేసుకున్నారు, ఇరవై సెంట్ల దాని మీద. యుద్ధానికి ముందటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కూడా రెండు పక్షాల రెండు సెంట్ల స్టాంపుల మీదా ఉన్నాడు. తాతలు ఉమ్మడి కదా, ఎవరు వదులుకుంటారు? కాగితానికి మాత్రం దక్షిణాదిలో కటకట. గోడలకి అంటించే పూల కాగితాన్ని మడిచి కవర్లు చేశారు. వచ్చిన కవరునే విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి, మళ్లీ అంటించి పంపేవాళ్లు. మీ తాతగారు పెళ్లి శుభలేఖల వెనక చాకలి పద్దు రాసేవారు చూడు, అలా.

నేను: సరే, అసలు కథకి రండి. డబ్బాలో అడుగున విడిగా పెట్టిన ఆ కవరు.

బాబాయి: (కాసేపు మాట్లాడలేదు) చెప్పాలా?

నేను: చెప్పాలి. ఒప్పుకున్నారు.

బాబాయి: అక్కడ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా వాకిట్లో పెట్టి అమ్ముతారు. అలాంటి చోట కట్ట కవర్లు పదిహేను డాలర్లకి కొన్నాను. కొత్తలో. నాకు తెలిసిందల్లా బెజవాడలో చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతి. స్టాంపు ఉన్న కవరుని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టడం, ఊడదీయడం, పాత పేపరు మీద ఆరబెట్టడం. మొదటి కవరుకి అదే చేశాను. స్టాంపు చక్కగా ఊడింది, సంబరపడ్డాను. మర్నాడు ఆరిన కవరు తిప్పి చూస్తే, మురికి అనుకున్న మచ్చలు ముద్రలు. పాయింట్ లుకౌట్ అని ఒకటి, సగం కవరు మీద, సగం నేను ఊడదీసిన స్టాంపు మీద. ఉత్తరాన్ని తనిఖీ చేశామని ఇంకోటి. రిచ్మండ్ తేదీ ముద్ర. పక్కనే ‘డ్యూ 10’.

నేను: అంటే?

బాబాయి: పాయింట్ లుకౌట్ మేరీలాండ్‌లో ఉత్తరాది వాళ్ల ఖైదీల శిబిరం. అక్కడున్న దక్షిణాది సైనికుడు రిచ్మండ్‌లో ఒకావిడకి రాసిన ఉత్తరం అది. ఒక్క పేజీ మించకూడదు, ఇంటి సంగతులు తప్ప రాయకూడదు, ఎవరో చదివి ముద్ర వేస్తేగానీ కదలదు. తెల్లజెండా కట్టిన పడవలో సరిహద్దు దాటేది. ఉత్తరాది దారికి ఈ మూడు సెంట్ల స్టాంపు. దక్షిణాది దారికి పది సెంట్లు ఆవిడే కట్టి విడిపించుకోవాలి, మన బేరింగు ఉత్తరంలాగా.

నేను: రెండు దేశాల తపాలా ఖర్చు ఒక్క కవరు మీద!

బాబాయి: అదే కదా దాని విలువ. కవరుతో ఉంటే కొన్ని వందల డాలర్లు. ఊడదీశాక రెండు డాలర్ల స్టాంపు, మీద తెల్లటి చదరం ఉన్న ముడతల కాగితం. డబ్బు పోతే పోయింది. ఆవిడ పది సెంట్లు కట్టి తీసుకుని, ఆ ఇంట్లో తరాల తరబడి దాచుకున్న దాన్ని నేను ఒక్క సాయంత్రంలో...

నేను: మళ్లీ అంటించేయవచ్చు కదా? ముద్ర కలిసిపోతుందిగా.

బాబాయి: వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తుంది, పెట్టి చూశాను. కానీ అంటిస్తే, నా తర్వాత ఎవడో దాన్ని చెక్కుచెదరని కవరని అమ్ముతాడు. అందుకే విడివిడిగా ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, ‘నేనే ఊడదీశాను’ అని చీటీ రాసి తేదీ వేశాను.

నేను: ఏదీ, ఓసారి ఇటివ్వండి చూస్తాను.

బాబాయి: ఇస్తాను. ముందు ఆ కాఫీ గ్లాసు బల్ల మీంచి తియ్యమ్మా.