ముప్పై మంది పిల్లలు, ఒకే గుడ్డ

అందరికీ నమస్కారం.

శాంతి మీద పిల్లల చేత బొమ్మ వేయించాలనుకోగానే చాలామందిమి చేసే పని ఒకటే. తలా ఒక డ్రాయింగ్ షీటు ఇస్తాం. ఎవరిది వాళ్లు వేస్తారు. అన్నీ గోడకు అతికించి సామూహిక చిత్రం అంటాం. అందులో సామూహికమైంది జిగురొక్కటే! పక్కవాళ్లతో ఒక్క విషయమైనా తేల్చుకోవాల్సిన అవసరం ఏ బిడ్డకూ రాలేదు.

అందుకే ఒకే పెద్ద గుడ్డ మీద వేయించే పద్ధతి గురించి చెబుతాను. 1995లో జపాన్‌లో మొదలైన కిడ్స్ గెర్నికా ప్రాజెక్టులో గుడ్డ కొలత 3.5 మీటర్లు, 7.8 మీటర్లు. 1937లో గెర్నికా పట్టణం మీద జరిగిన బాంబుదాడి గురించి పికాసో వేసిన చిత్రం గెర్నికా కూడా దాదాపు అంతే. ఒక్కరి వల్ల కానంత పెద్దది కావడమే దాని ఉపయోగం.

అంత పన్నాతో నూలు కాన్వాసు దొరకడం కష్టం కాబట్టి రెండు ముక్కల్ని పొడవునా కలిపి కుట్టించండి. ప్రైమర్ (రంగులకు ముందు గుడ్డకు పూసే పూత) తడికి గుడ్డ ముడుచుకుంటుంది, నాలుగు వైపులా 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి. దళసరిగా ఒక పూత వేస్తే తర్వాత చుట్టేటప్పుడు పగులుతుంది. పలచగా రెండు పూతలు మేలు. కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. పాత పేపర్లు పరిస్తే వెనక అతుక్కుని ఊడి రావు.

ఇక లెక్క. గుడ్డ చుట్టుకొలత 22.6 మీటర్లు. ఒక్కొక్కరికి 75 సెంటీమీటర్ల చోటిస్తే చుట్టూ ముప్పై మంది కూర్చోవచ్చు. కానీ పిల్లల చెయ్యి అంచు నుంచి 60 సెంటీమీటర్లకు మించి లోపలికి అందదు. గుడ్డ నడిమధ్య 1.75 మీటర్ల దూరంలో ఉంటుంది. అంచుల నుంచి మొదలుపెట్టారా, తడి రంగు మీద మోకాళ్లతో పాకుతూ మధ్యకు పోతారు. ముందు ఎనిమిది, పది మంది వట్టి కాళ్లతో మధ్య భాగం వేయాలి. అది ఆరాకే అంచుల పని.

అసలు సంగతి ఇక్కడుంది. ఐదుగురికో జట్టు చొప్పున సుద్దతో చోట్లు గీసి, రెండు జట్ల నడుమ 50 సెంటీమీటర్ల పట్టీ వదలండి. ఆ పట్టీలో ఇరువైపుల వాళ్లూ ఒప్పుకున్నదే వేయాలి. ఇటు వాళ్లది రాత్రి, అటు వాళ్లది మిట్టమధ్యాహ్నం. ఇటు నుంచి వచ్చే నది అటు వాళ్ల ఇంట్లోకి పారుతుంది. ఏం చేయాలి? వాదించుకోనివ్వండి. మొత్తం సమయంలో మూడోవంతు దీనికే పోయినా నష్టం లేదు. మనం చొరబడి తీర్పు చెప్పామో, మళ్లీ జిగురు దగ్గరికే వచ్చినట్టు. ఇంకొకరు వేసింది అడగకుండా చెరపకూడదు. పెద్దవాళ్లు కుంచె పట్టకూడదు, "కొంచెం సరిచేస్తా" అని కూడా. బాగా గీసే పిల్ల చేత గీతలన్నీ గీయించి మిగతావాళ్లకు రంగులు నింపే పని ఇవ్వడం మరీ అన్యాయం.

శాంతి అనగానే పావురం, భూగోళం, జెండాలు వస్తాయి. పెద్దలకు ఏది నచ్చుతుందో పిల్లలకు బాగా తెలుసు. జెండా అయితే బిడ్డను వదిలేసి దేశాన్నే చూపిస్తుంది. వాళ్ల దేశాలు యుద్ధంలో ఉంటే అది గుచ్చుకుంటుంది కూడా. వాటి బదులు "ఆటలో గొడవైతే ఎలా ఆగుతుంది? ముందు ఎవరు మాట్లాడతారు?" అని అడిగి చూడండి. ఎవరైనా గొడవనే గీస్తే ఆపకండి, గెర్నికాలో ఉన్నదీ బాంబుదాడే కదా. యుద్ధం చూసి వచ్చిన బిడ్డను మాత్రం అది గీయమని అడగకండి. పిల్లిని గీస్తానంటే గీయనివ్వండి.

రంగులు ఎన్ని తక్కువైతే అంత మంచిది. సీసాలన్నీ ముందు పెడితే బొమ్మ చిందరవందర అవుతుంది. ముందే కలిపిన ఐదారు రంగులు, ఒక్కో రంగుకు విడి కుంచె ఉంటే చాలు. కుంచె మారితే అంతా బురద రంగుకు తిరుగుతుంది. 2.5, 5 సెంటీమీటర్ల వెడల్పున్న బల్లపరుపు కుంచెలు ఇవ్వండి. సన్నవి ఇస్తే ఒక కన్ను వేయడానికే గంట పడుతుంది.

'చర్మం రంగు' అని రాసిన సీసా మాత్రం కొనకండి. ఎవరి చర్మం అది? పసుపు, ఎరుపు కలిపి, నీలం చుక్కచుక్కగా వేస్తే గోధుమ రంగు వస్తుంది. తెలుపు చేరుస్తూ ఎవరి ఛాయ వాళ్లు పట్టుకోవాలి. ముదురు ఛాయకు నలుపు వాడితే పసుపుతో కలిసి ఆకుపచ్చగా తిరుగుతుంది, నీలం, ఎరుపు పెంచితేనే సరి. అక్రిలిక్ (నీళ్లతో కలిపి వాడే రంగు) ఆరాక ముదురుతుంది కాబట్టి చిన్న పీలిక మీద పూసి, ఆరాకే మణికట్టు పక్కన పెట్టి చూసుకోవాలి.

పూర్తయ్యాక కనీసం ఒక రోజంతా ఆరనివ్వండి. మడత పెట్టకండి, మడత దగ్గర రంగు పగులుతుంది. బొమ్మ బయటి వైపుకు వచ్చేలా లావుపాటి గొట్టానికి చుట్టండి. మధ్యలో నున్నని ప్లాస్టిక్ కాగితం లేకపోతే ఎండలో రంగుకు రంగు అంటుకుంటుంది. పైన, కింద కర్ర దూరేలా కుట్టు వేయించండి. కింది కర్ర లేకుండా ఆరుబయట కడితే గాలికి కుట్లు తెగుతాయి. పేర్లు గుడ్డ వెనక, అక్షర క్రమంలో రాయండి.