కుంచం ఎవరి చేతిలో ఉంది?

సభకు వచ్చిన అక్కలకు, అన్నలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

ముందుగా ఒక నాణెం మీ చేతుల్లోకి పంపిస్తున్నాను. వరుస వరుసా అందించుకుంటూ చూడండి, చివరికి మాత్రం నాకు చేరాలి. ఇది నిజాం కాలపు రెండు పైల కంచు బిళ్ల. నడుమ బొక్క ఉంది కదా! మా నాయనమ్మ దీన్ని మా నాయన మొలతాడుకు గుచ్చి కట్టింది. నాయన నాకు కట్టాడు. తాడు ఎక్కించడానికే ఆ బొక్క పెట్టారని చాలా ఏళ్లు అనుకున్నాను. అక్కడి రాగిని యుద్ధం తీసుకుపోయిందని ఆడిట్ ఉద్యోగంలో చేరాక తెలిసింది.

తూటా తొడుగు చేసే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి అంత కరువు వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో అంతకు ముందు పైస 4.86 గ్రాములు తూగేది. 1943లో బొక్క పెట్టి కొట్టిన పైస రెండు గ్రాములే. 1940లోనే వెండి రూపాయిలో వెండి నూటికి 91.7 పాళ్ల నుంచి 50కి దించారు. అవసరానికి మించి చిల్లర దాచుకోవడం నేరమన్నారు. ఆ కాలంలోనే మన నిజాం రాజ్యపు నాణేలైన హాలీ సిక్కా చిల్లరకూ బొక్క పడింది.

జనం జేబులోని పైసను గ్రాముల్లో కొలిచిన సర్కార్లు, తమ మనుషుల చేతుల్లో పోయే సొమ్మును ఎట్లా కొలిచాయి? ఈ రోజు నేను అడగదలచింది ఇదొక్కటే.

పాత ఇనుము సంగతి చూడండి. 1943లో ఢిల్లీ సర్కారు పాత ఇనుము మీద విడిగా ఒక నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. తుక్కుకు ఇంత హంగామా ఎందుకని మీకు అనిపించవచ్చు. ఉక్కు కొలిమిలో పాత ఇనుము కలిపితే ఖనిజమూ బొగ్గూ కలిసొస్తాయి, అందుకు. ఇంకొకటి కూడా ఉంది. కొత్త సామానుకు బిల్లు ఉంటుంది, నంబరు ఉంటుంది, ధర ఉంటుంది. తుక్కుకు ఇవేవీ ఉండవు. దానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యం తూకం. తూకం మాయమైతే సరుకు మాయమైనట్టే.

ఇది నా కళ్లారా చూసిందే. మన జిల్లాలోనే ఒక కార్యాలయంలో ఆడిట్ చేస్తున్నాను. పేరు అక్కర్లేదు. బోర్ల నుంచి తీసిన పాత పైపులు వేలం వేశామని రిజిస్టర్‌లో రాశారు. "పాత ఇనుము, లారీ 1" అని ఉంది. ఎన్ని క్వింటాళ్లో లేదు. ధర్మకాంట చీటీ ఏదని అడిగితే, "సార్, తుక్కుకు కూడా కాంటా ఎవరు పెడతారు?" అన్నారు. లారీ ఖాళీగా వచ్చినప్పుడొకసారి, నింపి పోయేటప్పుడొకసారి తూచి, మధ్య తేడా రాయాలి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరికీ దొరకలేదు. నేను అభ్యంతరం రాశాను. నేను రిటైరైన నాటికి కూడా దానికి జవాబు రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఇక గల్లా, అంటే ధాన్యం, దగ్గరికి వస్తాను. మన ఊళ్లకు యుద్ధం గల్లా రూపంలోనే వచ్చింది. 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది. అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయాయి. పట్నాలకు తిండి పెట్టాలంటే పల్లెల్లో ధాన్యం సేకరించక తప్పదు. ఆ మాటలో తప్పు లేదు. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు, సర్కారు చేతులు కట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో దేశం చూసింది. కాబట్టి లెవీ, అంటే సర్కారు కట్టిన ధరకు రైతు తప్పక ఇవ్వాల్సిన ధాన్యం, ఎందుకు పెట్టారని నేను అడగను, ఎవరు కొలిచారని అడుగుతాను.

కళ్లంలో ధాన్యం రాశిని కుంచంతో, అంటే గింజలు కొలిచే పాత్రతో, కొలిచేటప్పుడు మన రైతు మొదటి కుంచాన్ని "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. లెవీ కొలిచేవాడు కూడా "లాభం" అనే మొదలుపెట్టేవాడట. ఆ లాభం ఎవరికో అని మా నాయనమ్మ అనేది. కుంచం అంచుకు కొలవాల్సింది అంచు మీద కుప్పగా శిగ పెట్టి కొలిచారు. రాతలో మాత్రం కుంచం కుంచమే. సర్కారు కట్టిన ధర బజారు ధర కన్నా తక్కువ. ఎవరికి ఎంత భూమి ఉందో రాసేది పట్వారీ. దేశ్‌ముఖుల ఇళ్లలో గాదెలు నిండే ఉండేవి, పంట పండినా పండకపోయినా చిన్న రైతు గింజలు మాత్రం బండెక్కేవి. ఇచ్చిన రశీదు ఉర్దూలో ఉండేది. దాన్ని చదివి చెప్పమని ఆ పట్వారీ దగ్గరికే పోవాలి! కొలిచేవాడు, రాసేవాడు, చదివేవాడు ఒక్కడే అయిన చోట తనిఖీ ఎక్కడుంటుంది?

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ అయిన ఆంధ్ర మహాసభ సమావేశం జరిగాక ఊరూరా దాని సంఘాలు పెరిగాయి. వెట్టితో పాటు లెవీ మీద కూడా జనం తిరగబడ్డారు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ ఊరున్న జనగామ తాలూకా అప్పుడు మన నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఆ పోరాటానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ చెప్పడానికి ఈ పూట చాలదు. కానీ కళ్లంలో జరిగిన కొలత అందులో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

పెద్దల మీద నిఘా పెట్టిన సందర్భాలు ఆ రోజుల్లో లేకపోలేదు. యుద్ధ సరుకుల కొనుగోళ్లలో లంచాలు పెరిగాయని 1941లో బ్రిటిష్ సర్కారు ఒక ప్రత్యేక పోలీసు విభాగం పెట్టింది. 1963లో సీబీఐ అయింది దానికి వారసురాలే. అదే 1941లో అమెరికా సెనేట్‌లో హ్యారీ ట్రూమన్ సంఘం పుట్టింది. యుద్ధం ఎట్లా చేయాలన్న జోలికి అది పోలేదు, డబ్బు ఎట్లా ఖర్చవుతోందో చూసింది. నిలదీసింది సొంత పార్టీ ప్రభుత్వాన్నే. మన లెవీ కళ్లంలోకి మాత్రం అలాంటివాళ్లెవరూ రాలేదు.

2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. వెంట సామాజిక తనిఖీ వచ్చింది. పాలమూరులో ఒక ఊరి చెట్టు కింద కూర్చుని విన్నాను. పేరు, దినాలు, కూలి పైకి చదువుతున్నారు, తెలుగులో. ఒకామె లేచి, "ఇరవై దినాలని చదివిండ్రు, నేను చేసింది పద్నాలుగే. ఆరు దినాల పైసలు ఎవరు తిన్నరు?" అంది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ లెక్కను పట్టుకుంది. ముప్పై ఏళ్ల ఆడిట్‌లో నేను రాసిన అభ్యంతరాల్లో ఏదీ అంత సూటిగా లేదు.

చివరగా మీ దగ్గర ఒకటి అడుక్కుంటున్నాను. మీ ఇళ్లలో అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఆనాటి లెవీ రశీదులు ఉంటే చెదలు పట్టకముందే తీయండి. ఉర్దూ చదవగలిగినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ఎవరి దగ్గర ఎన్ని కుంచాలు తీసుకున్నారో ఇంటి వాళ్లకు చదివి వినిపిద్దాం, నకలు తీసుకుని అసలు వాళ్లకే ఇచ్చేద్దాం. సభ అయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే ఉంటాను.