అమెరికా స్టూడెంట్ ఇన్సూరెన్స్ రివ్యూ: '5 లక్షల డాలర్ల కవర్' లోపల ఏముంది?

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఇది పెయిడ్ వీడియో. అమెరికా వెళ్ళే స్టూడెంట్స్‌కి చవక ప్లాన్లు అమ్మే ఒక ఏజెన్సీ డబ్బులిచ్చి, పాలసీ కాపీ పంపింది. మాటలు మాత్రం నావే. ప్రీమియం ఎంత, కవర్ ఎంత అన్నవి మీరు ఈపాటికే ఎక్కడో ఒకచోట చూసుంటారు, అవి మళ్ళీ చదవను. నేరుగా బెనిఫిట్స్ షెడ్యూల్ పేజీకి, అంటే దేనికి ఎంత ఇస్తారో రాసిన పేజీకి వెళ్దాం. నా గొడవంతా అక్కడే.

బ్రోషర్ మీద పెద్ద అక్షరాల్లో 5 లక్షల డాలర్లు. లోపలికెళ్తే ఒక్కోదానికీ విడిగా సీలింగ్, అంటే ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి. రూముకి రోజుకి ఇంత, సర్జన్‌కి ఇంత, మత్తు డాక్టర్‌కి సర్జన్ ఫీజులో 25 శాతం. అంటే ఏంటో లెక్కేద్దాం. అపెండిక్స్ ఆపరేషన్, రెండు రోజులు హాస్పిటల్, బిల్లు 30,000 డాలర్లు అనుకోండి. రూముకి రోజుకి 1,500 చొప్పున 3,000. సర్జన్‌కి 3,000. మత్తుకి 750. ఎమర్జెన్సీ రూముకి 300. మొత్తం 7,050. మిగతా 22,950 మీ నెత్తినే. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే, కానీ ఈ రకం ప్లాన్లన్నీ ఇలాగే కడతాయి. ఆ 5 లక్షలు ఎప్పటికీ మీ చేతికి రావు, ఎందుకంటే దారిలో ఉన్న చిన్న సీలింగులే ముందు అడ్డొస్తాయి.

అదే బిల్లు యూనివర్సిటీ ప్లాన్‌లో చూద్దాం. డిడక్టిబుల్, అంటే ముందు మీరే కట్టాల్సిన మొత్తం 500, ఆ తర్వాత మీ వాటా 20 శాతం అనుకుంటే 6,400 అవుతుంది. ఔట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ (ఏడాదిలో మీ జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం) 5,000 అని ఉంటే అక్కడితో ఆగిపోతుంది, మిగతాదంతా కంపెనీదే. నెట్‌వర్క్ హాస్పిటల్, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న హాస్పిటల్ అయితేనే సుమా. కాబట్టి ప్లాన్ కొనేటప్పుడు చూడాల్సింది పై లిమిట్ కాదు. సంవత్సరానికి నా జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది అన్న ఆ ఒక్క అంకె. మా స్పాన్సర్ ఇచ్చిన పేపర్లో ఆ అంకే లేదు. చిరాకేసింది.

యూనివర్సిటీ ప్లాన్ చవక కాదు, చాలాచోట్ల ఏడాదికి 2,000 నుంచి 5,000 డాలర్లు. ఎఫ్‌-1 అనే స్టూడెంట్ వీసాకి ఇన్సూరెన్స్ ఉండాలని ఫెడరల్ రూలేమీ లేదు, యూనివర్సిటీయే పెడుతుంది. ప్లాన్ డబ్బు ఫీజులో దానంతటదే కలిసిపోతుంది. వద్దనుకుంటే వేవర్ పెట్టాలి, అంటే నాకు వేరే ఇన్సూరెన్స్ ఉంది, మీది వద్దు అని అప్లై చేయాలి. దానికి గడువు ఉంటుంది, తరచూ సెమిస్టర్ మొదలైన కొన్ని వారాలే. దాటితే డబ్బు కట్టాల్సిందే. కట్టకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్. కొన్ని యూనివర్సిటీల్లో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి వేవర్ అన్నదే లేదు. అందుకే బయటి ప్లాన్ కొనకముందే వేవర్ పేజీ తెరిచి, వాళ్ళ రూల్స్ ఒక్కొక్కటీ పాలసీ పేపరుతో పోల్చుకోండి. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీలు ఇప్పించే ట్రావెల్ పాలసీలు చాలాసార్లు ఈ పోలికలోనే ఫెయిలవుతాయి. అమెరికాలో క్లెయిమ్ ఆఫీసు ఉండాలి, మానసిక ఆరోగ్యం కవర్ అవ్వాలి, పాత జబ్బుల్ని వదలకూడదు, ఇలాంటి షరతులు ఉంటాయి మరి.

జె-1 (ఎక్స్చేంజ్ ప్రోగ్రాం వీసా) వాళ్ళకి మాత్రం ప్రభుత్వ రూలే ఉంది: ఒక్కో ప్రమాదానికి లేదా జబ్బుకి లక్ష డాలర్లు, మెడికల్ ఇవాక్యుయేషన్‌కి (రోగిని చికిత్స కోసం వేరేచోటికి తరలించడానికి) 50,000, శవాన్ని స్వదేశానికి పంపే ఖర్చుకి 25,000, డిడక్టిబుల్ 500 దాటకూడదు. వాళ్ళతో పాటు జె-2 వీసా మీద వెళ్ళే భార్యకీ భర్తకీ పిల్లలకీ కూడా అంతే.

ఇక క్లెయిమ్. ఎవరూ చూపించరు కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తా. హాస్పిటల్‌కి వెళ్ళిన కొన్నాళ్ళకి కంపెనీ నుంచి ఉత్తరమో, పోర్టల్లో మెసేజో వస్తుంది: మీకు వేరే ఇన్సూరెన్స్ ఉందా, ఇది యాక్సిడెంటా అని. చెత్త మెయిల్ అనుకుని పడేస్తారు. జవాబివ్వకపోతే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది, హాస్పిటల్ బిల్లు మీ పేరు మీదకి తిరిగొస్తుంది. మెడికల్ డెట్, అంటే హాస్పిటల్ అప్పు గొడవలు ఇలా కూడా మొదలవుతాయి. ఇంకోటి, ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్) అని కంపెనీ ఎంత ఇచ్చిందో, మీ వాటా ఎంతో చెప్పే ఒక కాగితం వస్తుంది, దాని మీద 'ఇది బిల్లు కాదు' అనే రాసి ఉంటుంది. అది వచ్చేదాకా హాస్పిటల్‌కి డబ్బు కట్టకండి. బిల్లు ఈఓబీలో మీ వాటాకంటే ఎక్కువుంటే, కోడ్‌లతో ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఒక్కో ఖర్చూ విడివిడిగా రాసిన బిల్లు అడగండి. రిజెక్ట్ చేస్తే అప్పీలుకి మామూలుగా 180 రోజులు ఉంటాయి. లాభాపేక్ష లేని హాస్పిటళ్ళకి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ (కట్టలేనివాళ్ళకి బిల్లులో సాయం) ఉండి తీరాలి, ఆ ఫారం అడగడానికి మొహమాటపడకండి.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒకటి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖాళీగా ఉండి పేరంతా సర్‌నేమ్‌లో ఉంటే, వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఇన్సూరెన్స్ కార్డ్ మీద ఒకలా, హాస్పిటల్ కౌంటర్లో ఇంకోలా ఉంటే క్లెయిమ్ మ్యాచ్ కాదు. కౌంటర్లో నోటితో పేరు చెప్పకండి, కార్డే చేతికివ్వండి.

పళ్ళు, కళ్ళద్దాలు చాలా స్టూడెంట్ ప్లాన్లలో ఉండవు. రూట్ కెనాల్ చేయించాల్సి ఉంటే వెళ్ళకముందే ఇండియాలో చేయించుకోండి, రెండో జత అద్దాలు పెట్టుకోండి. వెళ్ళేముందు వేయించుకునే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులుండాలి, ఫ్లైట్ ముందు వారం గుర్తొస్తే లాభం లేదు.

నా తీర్పు. స్పాన్సర్ వాళ్ళు నొచ్చుకున్నా సరే, మొదటి ఏడాది యూనివర్సిటీ ప్లానే తీసుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్, ఆస్తమా ఏదున్నా అసలు రెండో ఆలోచన వద్దు, చవక ప్లాన్లు పాత జబ్బుల్ని మామూలుగా కవర్ చేయవు. ఈ ఏజెన్సీ ప్లాన్ ఎవరికి పనికొస్తుందంటే, చదువు అయిపోయి, యూనివర్సిటీ కవర్ ఆగి, ఓపీటీలో (చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి మీద) ఉద్యోగం వచ్చేదాకా మధ్యలో ఖాళీ ఉన్నవాళ్ళకి. పాత కవర్ ఆగే తేదీ డిగ్రీ తేదీ కాకపోవచ్చు, పోర్టల్లో చూసుకుని, కొత్తది దాని మర్నాటి నుంచే మొదలయ్యేలా పెట్టుకోండి.